పంతొమ్మిదో పేజీలో తెడ్డు

సకాతా,
ఫిబ్రవరి 9.

చిజురుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని అలవాటు కొద్దీ రాసి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కడినే. ఆ ఒక్కడూ క్షేమంగానే ఉన్నాడు. టోక్యోలో నువ్వూ, నీ గదిలో ఉండే రిత్సుకో కూడా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మ నూరో రోజు ప్రార్థన అయ్యాక జవాబు రాద్దామని ఆగాను. అది బుధవారం అయింది. మంచుగాలికి గుడి పూజారి గంట ఆలస్యంగా వచ్చాడు. తొషిఎ పిన్ని చామంతులూ ముల్లంగి ఊరగాయా తెచ్చింది. ఈ రోజుతో ఏడుపు మానేయాలని పెద్దలు పెట్టారు అని పూజారి చెప్పాడు. పిన్ని నా వైపు తిరిగి, "మీకు మానడానికేముంది బావగారూ, మొదలుపెడితే కదా" అంది. పూజారి నవ్వు ఆపుకోవడానికి టీ తాగాడు. నాకు కోపం రాలేదు. ఆవిడ అన్నది నిజమే.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను.

వంట నేనే చేసుకుంటున్నాను. మొన్న కాడ్ చేప పులుసు పెట్టాను. కార్జం ఎక్కువ పడి చేదెక్కింది. మీ అమ్మ వంటగదిలో ఎక్కడ వెతికినా కొలత గిన్నె ఒక్కటీ దొరకలేదు. బడిలో నాలుగు వందల మందికి వండిన మనిషి, ఇంట్లో ముగ్గురికీ కంటితోనే కొలిచేది. నేను కొలిచి వండుతున్నాను. రుచి రావడం లేదు.

అమ్మ బూడిదరంగు కోటు పిన్ని తీసుకుంది. మిగతావి మడతపెట్టి ఉంచాను. రబ్బరు బూట్లు మాత్రం గుమ్మం దగ్గర ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. తీద్దామనుకుంటాను. మంచు తగ్గాక తీస్తాను.

పై గది అల్మారాలో నీ బొమ్మల కథల అట్టపెట్టెను పాత కాగితాలవాళ్ళకు వేసేయమన్నావు. వాళ్ళు నిన్న వచ్చారు. నేను పెట్టె బయట పెట్టలేదు. నీ మాట కాదని కాదు. ముందు ఈ ఉత్తరం చదువు. అప్పటికీ పారేయమంటే వచ్చే నెల రెండో శనివారం మళ్ళీ వస్తారు. నేనే మోసుకెళ్ళి పెడతాను.

ఇక మిగిలింది నువ్వు చివర అడిగింది. అమ్మ నా కథ అసలు చదివిందా, చదవకపోతే చదవలేదనే చెప్పండి, ఏమీ అనుకోను అన్నావు. నెలాఖరులోపు పత్రిక సంపాదకుడు మకబె గారికి ఇక కథలు వేయలేనని చెప్పేసి, మార్చి నుంచి అచ్చాఫీసులో చేరతానన్నావు. దాని కింద ఇంకో వాక్యం రాసి కొట్టేశావు. వెలుతురుకి పెట్టి చూస్తే కనిపించింది. అమ్మకే పట్టని కథ ఇంకెవరికి పడుతుంది అని.

అమ్మ చదివింది. ఎన్నిసార్లో నాకు తెలియదు. మొత్తం చెబుతాను. ఇందులో నా తప్పు ఉంది. దాన్ని దాని చోటే చెబుతాను, ముందుకీ వెనక్కీ జరపకుండా.

రెండేళ్ళ కిందట నువ్వు మొదటిసారి కాగితాలు సంచిలో పెట్టుకుని ఆ పత్రిక ఆఫీసుకి వెళ్ళిన రోజు గుర్తుందా. మీ మకబె గారు ముప్ఫై పేజీలు మూడు నిమిషాల్లో తిప్పేశారని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చావు. మా అమ్మకి చాలా నచ్చిందండీ అని నువ్వు ఆయనతో అన్నావట. ఇంట్లోవాళ్ళ మెప్పు నా బల్ల మీదకు తేకమ్మా, ముక్కూమొహం తెలియనివాళ్ళు కొనుక్కుని చదివి ఏమన్నారో అదే నాకు లెక్క అని ఆయన అన్నాడట. ఆ కోపంలో నువ్వు అమ్మతో, ఇకమీదట నా కథల గురించి మంచీ చెడూ ఏదీ చెప్పకు, నీ మాట వింటే మెత్తబడిపోతున్నాను అన్నావు. అది నువ్వు మరిచిపోయి ఉంటావు. ఫోన్ పెట్టేశాక ఆవిడ, సరేలే, దానికి బయటివాళ్ళ మాట కావాలి అంది. ఆ తర్వాత ఎప్పుడూ నీతో నీ కథల ఊసెత్తలేదు. ఆవిడకి పట్టనట్టు నీకు కనిపించింది అదే.

పోయిన ఆగస్టు చివర నీ కథ అచ్చయింది. ముప్ఫై రెండు పేజీలు. అమ్మ అప్పటికి ఆసుపత్రిలో చేరి పదిరోజులు. ఒక సాయంత్రం తను మీ గదికి ఫోన్ చేస్తే నువ్వు లేవు, రిత్సుకో తీసింది. పత్రిక చివర చింపి పంపే అభిప్రాయ కార్డు ఉంటుందని, నచ్చిన మూడు కథల నంబర్లు వేసి పంపాలని, మొదటి పది రోజుల్లో వచ్చిన కార్డులు లెక్కపెట్టే కొత్తవాళ్ళకి ధారావాహిక ఇవ్వాలో వద్దో తేలుస్తారని ఆ అమ్మాయి మాటల్లో చెప్పింది. పాపం, ఆ పిల్లకి వేరే ఉద్దేశం లేదు.

మర్నాడు అమ్మ నన్ను పుస్తకాల షాపులకి పంపింది. ఒక్కోచోట రెంటికి మించి కొనవద్దంది, అనుమానం వస్తుందట. ఊళ్ళో షాపులన్నీ తిరిగాను. ఆడపిల్లల పత్రిక, అట్ట మీద గులాబి రంగు పువ్వులు. స్టేషన్ ఎదురు షాపు హొరికవా ఆవిడ కట్ట కడుతూ, "ఇన్‌స్పెక్టర్ గారూ, మనవరాళ్ళు ఎంతమందేమిటి?" అంది. ఒక్కరూ లేరన్నాను. "అయితే మీకేనన్నమాట. రెండో కథ చదవండి, బాగా ఏడుపొస్తుంది" అంది. ఆ షాపు ముందు నుంచి వెళ్ళడం మానేసి ఆరు నెలలు కావస్తోంది.

మొత్తం ఇరవై నాలుగు దొరికాయి. మంచం మీద భోజనం బల్ల వాల్చుకుని ఆవిడ కార్డులు రాయడం మొదలుపెట్టింది. నర్సు దగ్గర రంగు పెన్నులు తీసుకుంది. చిన్నపిల్లల రాతకి ఎడమ చెయ్యి వాడింది. పన్నెండేళ్ళ బడిపిల్ల, మంగలి భార్య, చేపలు పట్టేవాడు, కాలేజీ అమ్మాయి, ఇలా. చిరునామాలు మన చుట్టాలవీ, తన స్నేహితురాళ్ళవీ. కార్డు పంపినవాళ్ళకి లాటరీలో బహుమతులు ఇస్తారు కదా, ఎవరికి తగ్గట్టు వాళ్ళకి ఏ బహుమతి కావాలో కూడా ఆలోచించి టిక్కు పెట్టింది. ఎనభై ఏళ్ళ ముసలాయనకి జడ రిబ్బన్లు వేసి, పక్కన "మనవరాలికి" అని రాసింది. రోజుకి మూడో నాలుగో రాసేది. చెయ్యి వణికితే ఆపేది. వణుకుతున్నప్పుడు ముసలివాళ్ళవి రాసుకోవచ్చు కదా అన్నాను. అది నిజంగానే మంచి ఉపాయం అని ఆ రోజు ముసలాయన కార్డు రాసింది. నేను వెటకారంగా అన్నాను.

ఇది నాకు నచ్చలేదని నీకు తెలుస్తూనే ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ధాన్యం ఇన్‌స్పెక్టరుగా బస్తాల్లో ఇనుప గొట్టం గుచ్చి, గింజలు నల్లపళ్ళెంలో పోసి తరగతి వేసినవాణ్ణి. తెలిసిన రైతులు వచ్చి చేతులు పట్టుకున్నా రెండో రకాన్ని మొదటి రకం అని ముద్ర వేయలేదు. అదే ఆవిడతో అన్నాను. ఇది మోసం కినుయె, అన్నాను.

ఆవిడ పెన్ను మూత పెట్టి, "మీ గొట్టంలోకి వచ్చిన గింజ అబద్ధం చెబుతుందా? ఇదీ అంతే. ఇందులో రాసింది ప్రతి ముక్కా నాకు నిజంగా అనిపించిందే. వయసులొక్కటే అబద్ధం" అంది.

తర్వాత ఇరవై నాలుగో కార్డు ఖాళీది నా చేతిలో పెట్టింది. "ఇది మీది. చదివి మీకేమనిపిస్తే అది రాయండి. బాగోలేదంటే బాగోలేదనే రాయండి" అంది.

నేను చదవలేదు. రాయలేదు. జేబులో పెట్టుకున్నాను.

ఒకే పోస్టాఫీసు ముద్ర అన్నిటి మీదా పడితే పట్టేస్తారని, రైల్లో వెళ్ళి స్టేషనుకి అయిదారు చొప్పున వేయమంది. యుజా, ఫుకురా, అమరుమె, త్సురుఓకా. కాగితం మీద పట్టిక వేసి ఇచ్చింది. సెప్టెంబరు రెండో తారీఖు ఉదయం బయల్దేరాను. ఫుకురాలో దిగి పోస్టుడబ్బా ముందు నిలబడ్డాను. తర్వాత రైలు వచ్చేదాకా నిలబడ్డాను. అది ఎక్కి త్సురుఓకా దాకా వెళ్ళి, టీ తాగి, వెనక్కి వచ్చాను. కార్డులన్నీ కోటు లోపలి జేబులోనే ఉన్నాయి.

ఆసుపత్రికి వచ్చాక, వేశాను అన్నాను. యుజాలో ఎన్ని వేశారు అంది. అయిదు అన్నాను. ఫుకురాలో? ఆరు. ఫుకురాలో సముద్రం ఎలా ఉంది అని అడిగింది. బాగుంది, అమరుమె దగ్గర వరి అప్పుడే పసుపు తిరిగింది అని కూడా చెప్పాను. ఆవిడ పట్టికలో ఒక్కో ఊరి మీదా గీత కొట్టుకుంది. నా జన్మలో అంత వివరంగా అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు.

నియమం కోసం వేయలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. బుధవారం పిన్ని వెళ్ళిపోయాక, దీపం ముందు ఒక్కణ్ణే కూర్చుంటే ఆ మాట నిలబడలేదు. అసలు సంగతి ఇది.

ఆగస్టు ఇరవై ఏడున డాక్టరు, అందరికీ చేసినట్టే, మొగుణ్ణి ఒక్కడినే గదిలోకి పిలిచి చెప్పాడు. కడుపులోది కాలేయానికి పాకింది, ఈ ఏడాది దాటదు అన్నాడు. ఆవిడకి చెప్పవద్దన్నాడు. నేనూ అదే సరి అనుకున్నాను. పుండు మానుతోందని ఆవిడతో అన్నాను. నీకు చెబితే నీ గొంతులో తెలిసిపోతుందని నీకూ చెప్పలేదు. ఆ వారంలోనే నువ్వు ఫోన్‌లో, కార్డులు బాగా వస్తే జనవరి నుంచి ధారావాహిక ఇస్తారట నాన్నా, అదే జరిగితే ఇప్పటినుంచీ పని మొదలుపెట్టాలి, కొత్త సంవత్సరానికి కూడా రాలేనేమో అన్నావు. ఎంత సంతోషంగా అన్నావో నాకు ఇంకా వినిపిస్తుంది.

కార్డులు బాగా రాకపోతే ఇంటికి వస్తుంది. నేను ఆలోచించింది అంతే.

తల్లి పోతోంది, రా అని నీతో ఒక్క మాట అంటే సరిపోయేది. నువ్వు ఆ రాత్రి రైలుకే వచ్చేదానివి, కథ గెలిచినా సరే. ఆ ఒక్క మాట నోట రాక ఇరవై మూడు కార్డులు దాచాను.

నువ్వు వచ్చావు. కార్డుల లెక్కలో కథ చివరినుంచి మూడోది అయిందని మొహం వేలాడేసుకుని, సెప్టెంబరు ఇరవైన సంచి భుజాన వేసుకుని వచ్చావు. ఆవిడ పోయేదాకా, దాదాపు నలభై రోజులు, నువ్వు పక్కనే ఉన్నావు. జుట్టు దువ్వావు. పళ్ళు ఒలిచి పెట్టావు. ఆవిడ చివరి రోజులు బాగా గడిచాయి. అది నాకు కావలసింది, దొరికింది. కానీ నువ్వు ఓడిపోయి వచ్చాననుకుంటూ వచ్చావు. ఆవిడ కూడా అలాగే అనుకుంది. నువ్వు పడుకోవడానికి ఇంటికి వెళ్ళిన ఒక సాయంత్రం ఆవిడ నాతో, "ఇంకో పది రాసుండాల్సింది. నాకే ఓపిక చాల్లేదు" అంది. నేను దుప్పటి సర్దాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. తన చేతకానితనం వల్లే కూతురు ఓడిందనుకుంటూ పోయింది. దీన్ని నేను సరిచేయలేను.

ఆ కార్డులు వేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. వేలల్లో ఇరవై మూడు ఒక లెక్క కాదని మకబె గారు అనవచ్చు. ఎడమచేతి రాత చూసి నవ్వి పక్కన పడేసేవారేమో కూడా. అది నాకేమీ ఊరట ఇవ్వదు. నేను ఆపింది నీ స్థానాన్నో కాదో కానీ, మీ అమ్మ మాటల్ని మాత్రం కచ్చితంగా ఆపాను. రెండేళ్ళు నోరు మూసుకుని, ఆఖరికి ముక్కూమొహం తెలియనివాళ్ళందరిలోనూ దూరి నీకు చెప్పాలనుకున్న మాటలు అవి.

ఈ ఉత్తరంతోపాటు వాటిని పంపుతున్నాను. విడిగా, గట్టి కవర్లో. ఏదీ తీయలేదు, ఏదీ మార్చలేదు. కొన్ని ఇక్కడే రాస్తాను, కవరు తడిసిపోతే అవైనా మిగులుతాయని.

పన్నెండేళ్ళ పిల్ల: నాకు క్యారెట్ ఇష్టం లేదు. ఈ కథలో పిల్లవాడికీ ఇష్టం లేదు. అందుకే వాడి మాట నమ్మాను.

మంగలి భార్య: మా షాపులో ఒకావిడ జుట్టు సగం కత్తిరించాక, ఆగమ్మా అని కూర్చుని ముగింపు చదివి, తర్వాత మిగతా సగం కత్తిరించుకుంది.

చేపలవాడు: పడవలో చదివాను. తడిసింది. ఇంకోటి కొన్నాను.

కాలేజీ అమ్మాయి: వంటావిడ మొహం ఆవిరిలో కనపడకుండా వేసిన చోట ఆవిడ ఏడుస్తోందని నాకు తెలిసింది. ఎలా తెలిసిందో తెలియదు. రచయిత్రికి తెలిసి ఉంటుంది.

ఇరవై మూడోది చివర రాసింది. దానికి దొంగపేరు లేదు.

పేరు: కినుయె. వయసు: యాభై ఏడు. వృత్తి: బడిలో వంట, ముప్ఫై ఏళ్ళు. కావలసిన బహుమతి: ఏమీ వద్దు. అభిప్రాయం: పంతొమ్మిదో పేజీలో వంటావిడ తెడ్డును ఒక్క చేత్తో పట్టుకుంది. నాలుగు వందల మంది కూర ఒక్క చేత్తో కదలదు. రెండు చేతులూ కావాలి, నడుమూ వంగాలి. మిగతాదంతా సరిగ్గా ఉంది. ఈ రచయిత్రి చిన్నప్పుడు ఎప్పుడో ఒక బడి వంటగది కిటికీ దగ్గర నిలబడి చూసినట్టుంది. ఇంకా చూస్తూ ఉండమనండి. తర్వాతి కథ వచ్చినప్పుడు నేను కొనుక్కుంటాను.

మకబె గారికి ఏం చెప్పాలో నేను చెప్పను. నీ విషయంలో ఒకసారి నేను నిర్ణయం తీసుకున్నాను, చాలు. అచ్చాఫీసు పని మంచిదే, నెల జీతం ఉంటుంది. కానీ నెలాఖరులోపు ఏం చెప్పినా, ఆ కార్డులు చదివాక చెప్పు. క్షమించమని అడగను. కొన్నాళ్ళు ఫోన్ చేయకపోయినా అర్థం చేసుకుంటాను. కొన్నాళ్ళని మాత్రం అంటున్నాను.

పత్రిక నిన్న చదివాను. పాత కాగితాలవాళ్ళు వచ్చి వెళ్ళాక, సగం దింపిన పెట్టెలోంచి దాన్ని తీసి, మెట్ల మీదే కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాను. బొమ్మల కథ చదవడం నాకిదే మొదలు. పక్క పక్క బొమ్మలు ఏది ముందో తెలియక రెండు చోట్ల వెనక్కి వెళ్ళాను. పంతొమ్మిదో పేజీ దగ్గర ఆగాను. ఆవిడ అన్నది నిజం.

నా కార్డు కూడా కట్టలో అడుగున ఉంది. ఇరవై నాలుగోది. వయసు అరవై ఒకటి, వృత్తి లేదు అని రాశాను. నీ కథ నంబరు వేశాను. అభిప్రాయం దగ్గరకొచ్చేసరికి మాటలు తోచలేదు. వెనక షెడ్డులోకి వెళ్ళాను. రిటైరైనప్పుడు బడివాళ్ళు అమ్మకి ఇచ్చిన తెడ్డు అక్కడే గోడకి వేలాడుతోంది. దించి కొలిచాను. ఒక్క చేత్తో ఎత్తి చూశాను. ఎత్తగలిగాను కానీ తిప్పలేకపోయాను. ఆ కొలతలే కార్డులో రాశాను. నీకు అవసరం పడవచ్చు, పడకపోవచ్చు.

పొడవు నూట ముప్ఫై రెండు సెంటీమీటర్లు. రేకు వెడల్పు పదిహేను. బరువు రెండు కిలోల నూరు గ్రాములు. రేకు ఎడమ అంచు బాగా అరిగింది, ఆవిడ అటే తిప్పేది. పిడి మీద రెండు చోట్ల కర్ర నల్లబడి నున్నగా అయింది. ఆ రెంటి మధ్య దూరం నలభై ఆరు సెంటీమీటర్లు. ఆవిడ చేతులు ఉన్న చోట్లు అవి.

ఇట్లు,
మీ నాన్న.